తోడేసే వేళ

రాత్రి భోజనాలయ్యాక వంటింట్లో మిగిలే ఆఖరి పని పాలు తోడుపెట్టడం. కాగిన పాలు గోరువెచ్చగా అయ్యేదాకా ఆగాలి. వేలు ముంచితే చురుక్కుమనకూడదు, చల్లగానూ తగలకూడదు. అరచెంచాడు పెరుగు వేసి, ఒక్కసారి తిప్పి మూత పెట్టేస్తే సరి. ఆ తర్వాత మన చేతిలో ఏమీ లేదు. గిన్నె కదపకుండా ఉండటమే మనం చేయగలిగిన సాయం.

మిగతా పనంతా కంటికి కనిపించని బాక్టీరియాది. పాలలోని చక్కెరను అవి పులుపుగా మారుస్తాయి, ఆ పులుపుకే పాలు గట్టిపడతాయి. ఎండాకాలం నాలుగైదు గంటల్లో తోడుకుంటుంది. పుష్యమాసపు చలిలో తెల్లారినా పలచగానే ఉంటుంది. అందుకే అమ్మ గిన్నెకు పాత తువ్వాలు చుట్టి పొయ్యి పక్కన పెట్టేది. తోడు లేని రోజు చిన్న గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్లేవాళ్లం. ఎవరి పెరుగు ఎవరింట్లో కొనసాగుతోందో లెక్క ఉండేది కాదు.

ఇప్పుడు వీధి చివర ప్యాకెట్ పెరుగు దొరుకుతుంది. అయినా ఈ పని మానాలనిపించదు. పగలు ఎన్ని పనులు సగంలో ఆగినా, ఇదొక్కటి పూర్తయిందన్న తృప్తితో లైటు తీసేయొచ్చు.

సంతోషం అనగానే పండగో ప్రయాణమో గుర్తొస్తుంది. అవి వచ్చిపోతాయి. కానీ నిన్నటి పెరుగు కాస్త మిగిల్చి రేపటికి తోడేసుకోవడమంటే, రేపు కూడా ఈ ఇంట్లో అందరం కలిసి అన్నం తింటామని నమ్మడమే. మామూలు రోజుకి అంతకు మించిన సంతోషం అక్కర్లేదనిపిస్తుంది.