పదకొండు గీతలు

అరకు ఘాట్ రోడ్డు మలుపులో ఎదురుగా దిగివచ్చిన లారీ ఆ కాఫీ రైతు జిప్సీని కొండకేసి నొక్కివేసింది. ఆయనకు మోచేయి గీరుకుపోయిందంతే. బండి ఛాసిస్ మాత్రం వంగిపోయింది. “సరిచేసి ఇస్తాను బాబుగారూ, కాని దీనిమీద మిమ్మల్ని మళ్ళీ ఘాట్ ఎక్కనివ్వను” అన్నాడు, ఇరవై ఏళ్ళుగా దానిని కనిపెట్టుకున్న మెకానిక్.

మారుతీ సంస్థ 1985లో విడుదల చేసిన ఆ వాహనాన్ని సామాన్యులకు అమ్మడం 2019లో నిలిచిపోయింది. అటువంటిదే కొత్తది దొరికే ఆశ లేదు. బంధువులు మెత్తని కార్లు సూచించారు. వానాకాలంలో, చక్రం సగం మునిగే బురదలో, పురిటినొప్పులు పడుతున్న మనిషిని ఆసుపత్రికి దింపవలసిన అవసరం వారికి ఎన్నడూ కలుగలేదు మరి! జిప్సీ అటువంటి ప్రయాణాలు పదకొండు చేసింది. ఆయన భార్య ప్రతిదానికీ డాష్‌బోర్డు అర మూత లోపల ఒక గీత గీసి ఉంచింది.

చివరకు, 2023లో మార్కెట్‌లోకి వచ్చిన జిమ్నీని చూడబోయారు. గేరు పక్కనే, ముందు చక్రాలకు కూడా బలమందించే చిన్న లివరు ఉన్నది. ఆయన దానిని లాగి చూశారు, తోసి చూశారు. సేల్స్ కుర్రవాడు ఏసీ గొప్పతనం వర్ణిస్తూనే ఉన్నాడు.

పాత బండిని తుక్కుకు ఇచ్చేముందు ఆమె ఆ అర మూతను విప్పించి ఇంటికి తెచ్చుకున్నది.

వర్షాలు పట్టిన మూడవనాటి రాత్రి, వాకిట ఎవరో పిలిచారు.