ఘాటీ, నాన్న, రెండు బ్రేకు కాలిపర్లు

మా సెమిలిగుడ తెలుగువాళ్లకి చుట్టాలంతా కింద ఉంటారు. కింద అంటే సాలూరు, బొబ్బిలి, పార్వతీపురం, విజయనగరం. "కిందకెళ్లొచ్చాం" అంటే చాలు, పెళ్లికో పేరంటానికో చావుకో వెళ్లొచ్చారని అందరికీ తెలిసిపోతుంది. మేముండేది 900 మీటర్లకి అటూ ఇటూ ఎత్తులో. కుందులి, పొట్టంగి, సుంకి దాటి మలుపులు తిరుగుతూ దిగితే సాలూరు వస్తుంది. ఇప్పుడు దాన్ని 26వ నంబరు జాతీయ రహదారి అంటున్నారు గానీ మా నాన్నకి అది ఇప్పటికీ 43వ నంబరు రోడ్డే.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేదాకా ఈ కొరాపుట్ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లా కింద ఉండేది. మా ముత్తాత ఎడ్లబండి మీద ఉప్పూ బట్టలూ వేసుకుని ఈ ఘాటీ ఎక్కినప్పుడు పరాయి చోటికి పోతున్నానని అనుకోలేదు. ఆయన చెప్పిన మాట ఒకటి మా ఇంట్లో మిగిలింది: ఎక్కడం ఎద్దుల పని, దిగడం మనిషి పని. దిగేటప్పుడు చక్రానికి కర్ర అడ్డం కట్టేవారట. అంటే మా కుటుంబంలో బ్రేకుల గొడవ కారు రాకముందే మొదలయింది.

మేం ఇద్దరం అన్నదమ్ములం. ఈ సంగతి ఇద్దరం కలిసే రాస్తున్నాం.

2007లో నాన్న విశాఖపట్నంలో ఒక పాత జెన్ కార్బన్ కొన్నారు. జెన్ అంటే చాలామందికి నాలుగు తలుపుల చిన్న కారే గుర్తొస్తుంది. 2003లో రెండు తలుపులతో, నల్ల రంగులో కొన్ని మాత్రమే చేసినది ఈ కార్బన్. ఇంజను 993 సీసీ. అసలు స్పోర్ట్స్ కార్లు నడిపేవాళ్లు నవ్వుతారేమో గానీ సెమిలిగుడలో అప్పట్లో మాకు అదే స్పోర్ట్స్ కారు. దేవమాలి కొండ వైపు రోడ్డు మీద అది మలుపు తిరుగుతుంటే పిల్లలు చేతులూపేవారు. వెనక సీట్లోకి దూరడానికి అమ్మ ప్రతిసారీ విసుక్కునేది. "రెండు తలుపుల కారేటి, బీరువాలాగ!" అనేది.

తరవాత నాన్నకి మోకాళ్ల నొప్పులొచ్చి నడపడం మానేశారు. కారు రెండు వానాకాలాలు రేకుల షెడ్డులో కదలకుండా ఉంది. మా కొండల మీద వాన ఎలా కురుస్తుందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. బట్టలే వారం ఆరవు, ఇనుము సంగతి చెప్పాలా!

ఆ తరవాత సాలూరులో అత్త మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి కారు తీశాం. బేటరీ మార్చాం, టైర్లలో గాలి కొట్టించాం, కడిగాం. బ్రేకు తొక్కి చూస్తే ఆగింది. అది చాలనుకున్నాం. మాలో చిన్నవాడు స్టీరింగ్ దగ్గర, నాన్న పక్కన, అమ్మా పెద్దవాడూ వెనక.

సుంకి దాటి దిగుతుంటే "ఏటిరా ఆ కంపు?" అంది అమ్మ. లారీ బ్రేకుల వాసన అనుకున్నాం, ఆ రోడ్డు మీద అది మామూలే. ఇంకో రెండు మలుపులయ్యాక పెడల్ మెత్తగా తగిలింది. ఆ తరవాత తొక్కితే నేలకంటింది. కారు ఆగలేదు.

నాన్న గొంతు పెంచలేదు. "మూడు. ఇప్పుడు రెండు. హేండ్‌బ్రేకు ఒక్కసారి గుంజీకు, కొంచెం కొంచెంగా లాగు." హేండ్‌బ్రేకు తీగ మీద నడుస్తుంది, వెనక చక్రాలని పట్టుకుంటుంది. దానికి ఆయిలుతో పని లేదు. అందుకే అది పనిచేసింది. కొండ వైపు మట్టికుప్పకి ముందు చక్రం ఆనించి ఆపాం. లోయ రెండో పక్కన ఉంది. అమ్మ చాలాసేపు కిందకి దిగలేదు.

ముప్పావుగంట తరవాత పెడల్ మళ్లీ గట్టిగా తగిలింది. "బాగైపోయింది నాన్నా" అన్నాం. "బాగవలేదు. చల్లారింది, అంతే" అన్నారు. సాలూరు లారీ ఒకటి ఆగి అమ్మానాన్నలని ఫంక్షన్‌కి దింపింది. సాలూరు లారీల ఊరు కదా, ఆ డ్రైవరుకి మేం ఏమీ చెప్పక్కర్లేకపోయింది. మేం కారుని నెమ్మదిగా పైకి ఎక్కించి ఇంటికి తెచ్చుకున్నాం.

నాన్న మర్నాడు వచ్చి రెండు మాటలు చెప్పారు. ఒకటి, ఈ బండి మళ్లీ ఘాటీ దిగదు. రెండు, అమ్మేద్దాం. కొనేవాడు వారంలోనే వచ్చాడు. బ్రేకు సంగతి ఎత్తొద్దని మధ్యవర్తి సలహా. నాన్న ఒప్పుకోలేదు. "వాడూ పిల్లల్ని ఎక్కించుకునే తిరుగుతాడు కదా" అన్నారు. సంగతి చెప్పాక కొనేవాడు మళ్లీ రాలేదు. ఇక మిగిలినవి రెండే దారులు: తుక్కుకి ఇవ్వడం, లేదా బాగు చేయడం.

ముందు ఒక మెకానిక్‌కి చూపించాం. "హెబ, హెబ" అంటూ సుత్తితో నాలుగు దెబ్బలు వేసి, పిస్టన్ లోపలికి నెట్టి, అయిపోయిందన్నాడు. వారంలో ఎడమ చక్రం మళ్లీ చెయ్యి పెట్టలేనంతగా కాలింది. అప్పుడు వరసకి పెదనాన్న ఒకాయన దగ్గరికెళ్లాం. సునాబెడ హెచ్ఏఎల్‌లో పనిచేసి రిటైరయ్యారు. 1964లో మొదలైన ఆ ఫ్యాక్టరీ మిగ్ విమానాల ఇంజన్లు చేసిన చోటు. ఆయన చక్రం చూసి, "మీ బ్రేకు పట్టక ప్రమాదం అవలేదర్రా, వదలక అయింది" అన్నారు.

అప్పుడు గానీ మాకు అర్థం కాలేదు. పెడల్ తొక్కితే ఆయిలు గొట్టాల్లోంచి వెళ్లి కాలిపర్‌లోని పిస్టన్‌ని తోస్తుంది. పిస్టన్ ఒక పేడ్‌ని డిస్కు మీదకి నొక్కుతుంది. అప్పుడు కాలిపర్ రెండు పిన్నుల మీద పక్కకి జరిగి రెండో పేడ్‌ని కూడా లాక్కొస్తుంది. మరి కాలు తీశాక పిస్టన్‌ని వెనక్కి లాగేదేమిటి? స్ప్రింగు ఉంటుందనుకున్నాం. లేదు. పిస్టన్ చుట్టూ నలుచదరపు అంచుల రబ్బరు రింగు ఒకటుంది. పిస్టన్ ముందుకెళ్తే అది కొంచెం మెలి తిరుగుతుంది, కాలు తీశాక మళ్లీ సర్దుకుంటూ పిస్టన్‌ని వెంట్రుకవాసి వెనక్కి తెస్తుంది. అంత చిన్న కదలికే. పిస్టన్‌కి తుప్పు పట్టినా, పిన్నులు బిగుసుకున్నా ఆ కదలిక ఉండదు. పేడ్ డిస్కుని రాసుకుంటూనే ఉంటుంది, వేడెక్కిపోతుంది.

ఆ వేడి ఆయిలుకి చేరుతుంది. బ్రేకు ఆయిలు గాలిలోని తేమని పీల్చుకునే రకం. డాట్ 3 రకం కొత్తదైతే 205 డిగ్రీల సెల్సియస్ లోపు మరగకూడదు. నాలుగు శాతం లోపు నీరు చేరితేనే ఆ హద్దు 140కి పడిపోతుంది. మరిగితే ఆవిరి బుడగలొస్తాయి. ఆయిలు నొక్కుకుపోదు గానీ ఆవిరి నొక్కుకుపోతుంది. అందుకే పెడల్ నేలకంటింది. చల్లారాక ఆవిరి మళ్లీ నీరై పెడల్ గట్టిపడి, మమ్మల్ని మోసం చేసింది. మా ఆయిలు టీ డికాషన్ రంగులో ఉంది.

కొత్త కాలిపర్లు మాకు దొరకలేదు. రబ్బర్ల కిట్టు దొరికింది. మొదటి ఆదివారం పెరట్లో మొదలుపెట్టాం. వెనక చక్రాలకి రాళ్లు పెట్టి, ముందు భాగం జాకీతో లేపి, స్టాండ్ల మీద నిలబెట్టాం. ఒక్క జాకీనే నమ్మి కారు కింద చెయ్యి పెట్టకండి. పెదనాన్న ముందు పాత దుప్పటి పరిచి, సామాన్లన్నీ వరసగా పెట్టించి లెక్కపెట్టారు. పని అయ్యాక మళ్లీ లెక్క. "విమానంలో స్పేనరు మర్చిపోతే ఎలాగుంటాదో అనుకోండి" అన్నారు.

బిగుసుకున్న పిస్టన్‌ని సుత్తితోనో గాలితోనో కాకుండా ఆయిలుతోనే బయటికి రప్పించాం. గొట్టం ఇంకా విప్పకుండా, పేడ్లు తీసి, చెక్కముక్క అడ్డం పెట్టి, పెడల్‌ని మెల్లగా తొక్కితే పిస్టన్ కదిలి వచ్చింది. పంపు గాలి వాడితే పిస్టన్ తూటాలా వచ్చి వేళ్లు పోతాయని పెదనాన్న ముందే హెచ్చరించారు. ఎడమ పిస్టన్ తుప్పు పైపైనే ఉంది, తుడిస్తే పోయింది. కుడిదాని మీద, రబ్బరు ఆనే చోట గుంటలు పడ్డాయి. దాన్ని ఎంత రుద్దినా లాభం లేదు, కొత్త పిస్టన్ తెప్పించాం. రింగు కూర్చునే గాడిలోని మురికిని వెదురుపుల్లతో గీకాం. ఇనుపది వాడితే గాడి మీద గీత పడుతుంది, అక్కణ్ణుంచి ఆయిలు కారుతుంది.

రెండో ఆదివారం తప్పు చేశాం. పెదనాన్న రాకముందే ఉత్సాహం కొద్దీ కొత్త రబ్బర్లని పెట్రోలులో ముంచి కడిగాం. గంటలో ఉబ్బిపోయాయి, గాడిలో కూర్చోలేదు. ఆ రబ్బరుకి పెట్రోలు, కిరసనాయిలు, ఇంజనాయిలు, మామూలు గ్రీజు ఏదీ పడదు. కొత్త బ్రేకు ఆయిలుతోనే కడగాలి, అదే రాసి బిగించాలి. కిట్టు డబ్బులు పోయాయి, వారం పోయింది. నాన్న ఉబ్బిన రింగుని వేళ్ల మధ్య తిప్పి చూసి, "ఇది బిగించుంటే?" అని అడిగారు. మా దగ్గర జవాబు లేదు. ఆ ఒక్క ప్రశ్నకి మా ఉత్సాహం దిగిపోయింది, జాగ్రత్త మొదలయింది. ఆ రోజు నుంచి చేసిన ప్రతి పనీ నోటుపుస్తకంలో రాసుకున్నాం.

మూడో ఆదివారం కొత్త కిట్టుతో బిగించాం. పిన్నులకి బ్రేకులకి వాడే సిలికాన్ గ్రీజు రాశాం, గొట్టం బోల్టుకి కొత్త రాగి వాషర్లు వేశాం. పిస్టన్ చేతి ఒత్తిడికే లోపలికి జారింది. అలా జారితేనే సరిగ్గా కూర్చున్నట్టు.

మిగిలింది గాలి తీయడం. దానికి ఒకరు లోపల పెడల్ తొక్కాలి, ఒకరు చక్రం దగ్గర నిపుల్ తిప్పాలి. నాన్న ఏమీ మాట్లాడకుండా వెళ్లి డ్రైవరు సీట్లో కూర్చున్నారు. ఆయన ఆ సీట్లో కూర్చుని మూడేళ్లయింది. పెద్దవాడు డబ్బాలో ఆయిలు తగ్గకుండా పోస్తూ, చిన్నవాడు నేల మీద పడుకుని, మాస్టర్ సిలిండరుకి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాం. "తొక్కండి నాన్నా. పట్టుకోండి." నిపుల్ వదులు చేస్తే పారదర్శక గొట్టంలో డికాషన్ రంగు ఆయిలు, బుడగలు. నిపుల్ బిగించాకే "వదలండి." ఆ వరస తప్పితే బయటి గాలి లోపలికి పోతుంది. మోకాలు నొప్పని నాన్న ఒక్కసారీ అనలేదు. నాలుగు చక్రాలూ అయ్యేసరికి గొట్టంలో తేనె రంగు ఆయిలు, ఒక్క బుడగా లేకుండా వచ్చింది. అమ్మ గడపలో కూర్చుని లెక్కపెడుతూ ఉంది, ఎన్నిసార్లు తొక్కారో మాకంటే ఆవిడకే బాగా తెలుసు.

వెంటనే ఘాటీ దిగలేదు. ముందు గ్రౌండులో నడకంత వేగంతో ఆపి చూశాం. తరవాత కుందులి దాకా వెళ్లి వచ్చి రెండు చక్రాల మీదా చెయ్యి పెట్టి చూశాం, రెండూ ఒకేలా గోరువెచ్చగా ఉన్నాయి. నెలరోజులు రోజూ పొద్దున్న కారు కింద ఆయిలు మరక ఉందేమో చూశాం. తెలిసిన ఇంకో మెకానిక్ చేత మా పని తనిఖీ చేయించాం. ఇంట్లో చేసుకున్నామని గొప్పలకి పోవాల్సిన పని కాదిది. చేయగలమో లేదో అనుమానం ఉంటే చేయకండి.

ఆ తరవాత ఒకరోజు నాన్నే అన్నారు, అత్తని చూసి చాన్నాళ్లయింది, వెళ్దామా అని. మేం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం. సుంకి దాటాక ఆయన అడిగింది ఒకటే. "ఏ గేరు?"

"రెండు, నాన్నా."

"ఉండనీ."

మట్టికుప్ప ఉన్న మలుపు వచ్చింది. ఎవరం మాట్లాడలేదు. సాలూరు వచ్చాక కారు ఆపి చక్రం దగ్గర వంగి చెయ్యి పెట్టి చూసినవారు నాన్నే. "ఫర్వాలేదు" అన్నారు. అమ్మ మాత్రం వెనక సీట్లోంచి దిగడానికి మళ్లీ ఆ తలుపునే తిట్టుకుంది.

నోటుపుస్తకం ఇప్పుడు గ్లవ్ బాక్సులో ఉంటుంది. రెండేళ్లకోసారి, వానాకాలానికి ముందు, బ్రేకు ఆయిలు మారుస్తాం. పెడల్ దగ్గర కూర్చునేది నాన్నే.