స్టార్ట్ బటన్ లేని రిమోట్

మా అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయ్యాక, నేలమీద వైరన్నది కనబడకూడదని ఇంట్లో గట్టిగా చెప్పేశాను. ఆ లెక్కన ముందు అటకెక్కాల్సింది మా అమ్మాయి పుట్టింటి నుంచి నాతో మోయించుకొచ్చిన పాత వీడియో గేమ్. అదేనండీ, క్యాసెట్ ఊది మరీ పెట్టి మారియో ఆడేవాళ్ళం కదా, అది. 1983లో జపాన్‌లో నింటెండో తెచ్చిన ఫామికామ్‌కి నకలు.

"వైరే కదమ్మా సమస్య, దాన్ని తీసేద్దాం" అంది తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి.

పాడైపోయిన రిమోట్ వైరు కోసి చూస్తే పనికొచ్చేవి ఐదు తీగలే. 5 వోల్టులు, గ్రౌండ్, లాచ్, క్లాక్, డేటా. ఏ బటన్లు నొక్కి ఉన్నాయో చూసుకోమని గేమ్ లాచ్ మీద చెబుతుంది. ఆపైన క్లాక్ తట్టినప్పుడల్లా ఒక్కో బటన్ సంగతి డేటా తీగలో వస్తుంది. ఏ, బి, సెలెక్ట్, స్టార్ట్, నాలుగు దిక్కులు. అచ్చం బళ్ళో హాజరు పిలిచినట్టే!

ఇప్పుడా హాజరు పలికేది ఈఎస్‌పీ32 అనే చిన్న బోర్డు. బ్లూరెట్రో అనే ఉచిత ప్రోగ్రామ్ ఎక్కిస్తే బ్లూటూత్ జాయ్‌స్టిక్ మాట విని గేమ్‌కి చేరవేస్తుంది. నకళ్ళలో తీగల రంగులు నమ్మలేం కాబట్టి మల్టీమీటరుతో ఒక్కొక్కటీ చూసుకుంది. బోర్డుది 3.3 వోల్టుల ప్రాణం. అందుకని లాచ్, క్లాక్ తీగలకి రెండేసి రెసిస్టర్లు పెట్టి వోల్టులు తగ్గించింది. బోర్డుకి కరెంటు ఫోన్ చార్జర్ నుంచి ఇచ్చి, గేమ్ 5 వోల్టుల తీగని వదిలేసి, గ్రౌండ్ మాత్రం రెండింటికీ కలిపింది.

సోల్డరింగ్ ఐరన్ దగ్గరే మావారు అడ్డుపడ్డారు. "చెయ్యి కాలుతుంది, వాళ్ళ మామయ్యని పిలుద్దాం" అన్నారు. నేను ఒప్పుకోలేదు. అదే వయసులో నన్ను పెనం ముందు నిలబెట్టి అట్లు పొయ్యమన్నప్పుడు, చెయ్యి కాలుతుందని ఒక్కరూ అనలేదు మరి! కిటికీలు తెరిచి, పక్కన కూర్చున్నాను. అంతే.

ఆ గేమ్‌తో రెండు రిమోట్లు వచ్చేవి, గుర్తుందా? మా ఇంట్లో రెండోది నాది. దానికి స్టార్ట్, సెలెక్ట్ బటన్లు ఉండేవి కావు. తమ్ముడు మొదలుపెడితేనే నేను ఆడాలి, వాడు ఆపితే ఆగాలి. అప్పుడది అన్యాయమని కూడా తోచలేదు.

మా అమ్మాయి అడాప్టర్ తగిలించింది మొదటి సాకెట్‌కి. అత్తగారు కర్రతో హాల్లో హాయిగా తిరుగుతున్నారు. మధ్యాహ్నాలు, వంటిల్లు సర్దుకున్నాక, స్టార్ట్ నేనే నొక్కుకుంటున్నాను.