నీరు చొరని మాట

ఆంగ్ల నిఘంటువు తెరచి ‘ప్రూఫ్’ అనే పదం చూస్తే నిదర్శనము, నిరూపణము అనే అర్థాలు మొదట కనిపిస్తాయి. అదే పదం ‘వాటర్’ ప్రక్కన చేరి విశేషణమైనప్పుడు, నీటిని లోనికి చొరనీయనిది అని అర్థమిస్తుంది. ఫైర్‌ప్రూఫ్, బుల్లెట్‌ప్రూఫ్ అనేవి ఈ కోవలోనివే. దీనిని మనం తెలుగులో ‘జలనిరోధకము’ అంటున్నాము. ఉర్దూ మిత్రులు వానకోటును ‘బర్సాతీ’ అంటారు. ఆ పేరులో వాన ఉన్నది గాని, వానను ఆపుతానన్న ప్రతిజ్ఞ లేదు.

1823లో స్కాట్లండుకు చెందిన ఛార్లెస్ మాకింటాష్, నాఫ్తాలో కరిగించిన రబ్బరును రెండు వస్త్రాల నడుమ పూసి, అట్టి గుడ్డకు పేటెంటు పొందాడు. గుడ్డలోనికి నీరు దిగలేదు. కాని దర్జీల సూది చేసిన రంధ్రాల గుండా వాన లోనికి దిగేది.

ఈ సంగతి మాకు అనుభవంలోనికి వచ్చింది. ఒక వర్షాకాలంలో కళాశాల ప్రవేశానికై మా ధ్రువపత్రాలను ‘వాటర్‌ప్రూఫ్’ అని ముద్రించిన సంచిలో పెట్టుకొని బయలుదేరాము. దారిలో కుండపోత వాన. సంచి గుడ్డ చెక్కుచెదరలేదు; కుట్ల వెంట మాత్రం నీరు దిగింది. మార్కుల పత్రంపై సిరా అలుక్కుపోయింది. అంకెలు చదవరాని పత్రాన్ని అంగీకరించడం ఎట్లాగని గుమాస్తా అడిగితే, మా వద్ద జవాబు లేదు. నకలు పత్రం చేతికి వచ్చేసరికి ప్రవేశాల గడువు దాటిపోయింది. ఆ మాటకు మేము చెల్లించిన మూల్యం ఒక విద్యా సంవత్సరం.

‘వాటర్‌టైట్’ అనే మాట కథ కూడ ఇట్టిదే. 1912లో మునిగిన టైటానిక్ నౌకలో నీరు చొరని గదులు 16 ఉండేవి. కాని వాటి అడ్డుగోడలు తగినంత ఎత్తు లేనందున, నౌక ముందుకు ఒరిగేకొద్దీ నీరు ఒక గదిపైనుండి మరొక గదిలోనికి పొర్లింది.

అందుకే శాస్త్రజ్ఞులు మాటకు కొలత చేర్చారు. ‘ఐ.పి. 67’ అనే గుర్తులో 6 దుమ్ము చొరదని చెబుతుంది. 7 అనగా, ఒక మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు మునిగినా హాని కలిగించేంత నీరు లోనికి పోదని అర్థం. ఎంత లోతు, ఎంతసేపు అన్నది చెప్పిన తరువాతనే ఆ విశేషణానికి విలువ.

కనుక సోదర విద్యార్థులారా, ఆ మాట కనబడిన చోట గుడ్డను మెచ్చుకొనుటకు ముందు కుట్లను పరీక్షించండి.