మూడవ నక్షత్రము



మాఘమాసము వచ్చినదనగా మా వేల్పూరిలో నే వీధికి పోయినను ఉడుకు పసుపు వాసనయే. కల్లములలో కాడి యొక ప్రక్కను, గోళ యొక ప్రక్కను ఆఱబోసియుండును. ఆడవారు పాదములకు వేఱుగా పసుపు పూసికొన నక్కఱయే యుండదు. 2014వ సంవత్సరమున నట్టి దినములలో, ఒకనాటి మధ్యాహ్నము, మా పినతల్లి కూతురు ముందుగా ఫోనైనను చేయక, చేతిసంచితో మా గుమ్మమున నిలిచినది. దాని భర్త పోలీసు శాఖలో సబ్ ఇన్స్పెక్టరు. వేఱొక జిల్లాలో పనిచేయుచుండిరి. కాళ్లు కడుగుకొనుటకు చెంబుతో నీళ్లిచ్చితిని. ఆ నీళ్లు పోసికొనుచునే యేడ్చినది.

"అక్కా, ప్యానెలులో వీరి పేరు లేదు. వీరికంటె చిన్నవారి పేర్లు నాలుగున్నవి" అన్నది.

ప్యానెలనగా నేమో నాకప్పుడు తెలియదు. మావారు బడిపంతులు. సాయంకాలము వారు వచ్చి విడమఱచి చెప్పిన పిదప తెలిసినది. పదోన్నతికి వంతు వచ్చినవారి పేర్లను జ్యేష్ఠత ననుసరించి వ్రాసి, శాఖలో నొక సంఘము ముందుంచుదురు. సంఘమువా రొక్కొక్క పేరును చదివి, ఆ మనుష్యుని సేవాపుస్తకమును చూచి, తగునో తగడో తేల్చుదురు. తగినవారి జాబితాయే ప్యానెలు. మా మరిదిగారు తగరని యెవరును తేల్చలేదు. అసలు వారి పేరే చదువలేదు. పేరున కెదురుగా "విచారణ జరుగుచున్నది" యని రెండు మాటలు వ్రాసి ప్రక్కకు పెట్టిరి.

ఆ విచారణకు మూలము ఆకాశరామన్న యుత్తరము. ముందటి యేడు సంతకము లేని జాబొకటి పైయధికారులకు చేరినది: ఎడ్ల దొంగతనమును గూర్చిన ఫిర్యాదు నీ సబ్ ఇన్స్పెక్టరు మూడు దినములు నమోదు చేయక యుంచెనని. పైవా రొకరు వచ్చి, నలుగురి నడిగి, వ్రాసికొని పోయిరి. అంతటితో సరి. అభియోగపత్ర మీయలేదు, సంజాయిషీ యడుగలేదు. తప్పున్నదనియు చెప్పలేదు, లేదనియు చెప్పలేదు. ఉరిత్రాడున కాక పట్టుదారమునకు వ్రేలాడదీసినట్లు మనుష్యుని నడుమ నుంచిరి.

"జీతము మాట కాదక్కా. నిన్నటిదాక వీరిని అన్నా యని పిలిచిన పిల్లవాడు ఇన్స్పెక్టరై వీరి ఠాణామీదికే వచ్చినాడు. ప్రొద్దున ఆయనకు సెల్యూటు చేసి యింటికి వచ్చిరి. బూట్లు విప్పక గోడవైపు తిరిగి కూర్చుండిరి. పిల్లలు పలుకరించినను పలుకలేదు" అని చెప్పి, సంచి యడుగునుండి కుంకుమభరిణె తీసి మూత తెఱచినది. అందులో కుంకుమలో సగము మునిగి రెండు నక్షత్రము లున్నవి. సబ్ ఇన్స్పెక్టరు భుజమున రెండేసి నక్షత్రములు, ఇన్స్పెక్టరు భుజమున మూడేసి యుండునట. ప్యానెలు తప్పక వచ్చునను నమ్మకముతో, హైదరాబాదులో పోలీసు దుస్తు లమ్మెడు దుకాణమునుండి యొక్కొక్క భుజమున కొక్కటి చొప్పున ముందే కొని తెచ్చినదట, పిచ్చిది.

అప్పుడు నేను చెప్పిన సలహాను గూర్చియే యిది వ్రాయుచున్నాను. ఇంతవఱకు నెవ్వరికిని చెప్పుకొనలేదు.

కోర్టునకు పోవుదమా యని అది యడిగినది. నేను వలదంటిని. కొలువు చేయువాడు ఏలినవానిపై వ్యాజ్యమాడుట తగునా యంటిని. చిన్ననాడు మా తండ్రిగారు విరాటపర్వము చెప్పుచు, రాజు కొలువులో మెలగెడు వారికి ధౌమ్యుడు గఱపిన నీతులను నాచే వల్లె వేయించిరి. అవి యన్నియు నాలుక చివరనే యున్నవి. వానికి తోడు మఱియొక కారణము కూడ చెప్పితిని. "రాష్ట్రము వచ్చుచున్నది. క్రొత్త ప్రభుత్వములో నన్నియు చక్కబడును. ఓపిక పట్టుము" అని.

ఈ రెండవ మాట నేనొక్కతెనే కాదు, ఆ దినములలో నిజామాబాదు జిల్లాలో ప్రతి యింటను చెప్పుకొన్న మాటయే. ఏలననగా పోలీసుల కొలువుల లెక్కకును రాష్ట్రపు మాటకును మా ప్రాంతమున సన్నిహిత సంబంధ మేర్పడియుండెను. 1975లో వెలువడిన రాష్ట్రపతి యుత్తర్వు ఆనాటి ఆంధ్రప్రదేశమును ఆఱు మండలములుగా, అనగా జోనులుగా, విభజించినది. మా నిజామాబాదు హైదరాబాదుతో గూడ ఆఱవ జోనులో చేరినది. కాని ఆ యుత్తర్వులోనే 14వ పేరాలో "ఎఫ్" అను చిన్న ఉపవాక్య మొకటి, హైదరాబాదు నగర పోలీసు ఉద్యోగములకు ఈ కట్టుబాటు వర్తింపదని చెప్పుచుండెను. నగర పోలీసుల కొలువు వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2009 అక్టోబరు 9వ తేదీన ఆ మాటనే ఖాయపఱచి, నగర పోలీసు ఆఱవ జోనులోనిది కాదని తీర్పు చెప్పినది. దానిని జనులు "ఫ్రీజోను తీర్పు" అనిరి. దానిపై నలజడి రేగి, నవంబరు 29న కల్వకుంట్ల చంద్రశేఖరరావుగారు నిరాహారదీక్షకు పూనుకొనుటయు, 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్ర మేర్పడుటయు మీ యందఱకు తెలిసినవే. ఒక్క యక్షరపు ఉపవాక్యము పోలీసు కావలెనని పరుగులు తీసెడు మా పల్లెల పిల్లల యర్హతను అంతగా తాకినది. అందుచే రాష్ట్రము వచ్చిన కొలువుల చిక్కు లన్నియు విడునని నేనును నమ్మితిని. మా మరిదిగారి చిక్కు జోనులది కాదనియు, అది యొక కాగితముపై రెండు మాటల చిక్కనియు నాకు తోచలేదు.

చెల్లెలు నా మాట విన్నది. అది నన్ను తల్లివలె చూచును. రెండేండ్లు ఓపిక పట్టిరి. ఆ రెండేండ్లలో మఱియొక ప్యానెలు వచ్చినది. అదే రెండు మాటలు, అదే ప్రక్కకు పెట్టుట. ఇంట నేమి జరిగినదో క్రమముగా చెప్పలేను. మరిదిగారు పండుగలకు వచ్చుట మానిరి. అల్లుడేల రాలేదని పినతల్లి యడిగిన బందోబస్తు అని చెప్పెడిది. ఏ పండుగకు బందోబస్తు లేదు గనుక!

నా మనస్సు మాఱినది కూడ భారతమువలననే. ఒకనాటి రాత్రి మా అమ్మాయికి రాజకుమారుల అస్త్రవిద్యా ప్రదర్శనము చెప్పుచుంటిని. కర్ణుడు వచ్చి, అర్జునుడు చూపిన విద్యలన్నియు తానును చూపెను. అప్పుడు కృపాచార్యుడు నీ కులమేది, తల్లిదండ్రు లెవరని యడిగెను. విద్యలో నోడిపోయెనని యెవరును అనలేదు. బరిలో నిలువకుండ వాకిటనే ఆపిరి. అమ్మాయి "అమ్మా, అయితే ఆయన ఓడిపోలేదు కదా, మఱి తల యెందుకు వంచుకొన్నాడు?" అని యడిగినది. నేను చెప్పుట నిలిపివేసి యూరకుంటిని. మఱునాడు చెల్లెలికి ఫోను చేసి, కోర్టునకు పొమ్మంటిని.

2016 వేసవిలో పోయిరి. ఖర్చునకు పుట్టింటివారు పసుపు కుంకుమల క్రింద నిచ్చిన యెకరములోని ఆ యేటి పంట చాలినది, మంచి ధర రాకపోయినను. వకీలుగారు కాగితములన్నియు తిరుగవేసి అడిగిన మొదటి ప్రశ్న: "రెండేండ్లు ఊరకుంటి రేల?" కొలువు వ్యాజ్యములలో ఆలస్యమును కోర్టులు క్షమింపవట, వెనుకబడినవాని స్థలములో నింకొకరు కుదురుకొందురు గదా. చెల్లెలు నా పేరు చెప్పలేదు. మాకు తెలియక అని చెప్పినదట.

వకీలుగారి మాటలలో నాకు తెలిసినంత మీకును చెప్పుదును. మన యిండ్లలో ఏదో యొక కొలువు చేయని మగవాడు గాని, ఇప్పుడు ఆడుది గాని లేరు. పదోన్నతి యెవరికిని హక్కు కాదు. కాని వంతు వచ్చినప్పుడు తన పేరును తక్కినవారితో పాటు పరిశీలింపవలెనని కోరుట రాజ్యాంగపు 16వ అధికరణము క్రింద ప్రాథమిక హక్కేయని సుప్రీంకోర్టు 1999లో అజిత్ సింగ్ వ్యాజ్యమున స్పష్టముగా చెప్పినది. నేరారోపణ గలవాని సంగతి యేమందురా? వానిని గూర్చిన నిర్ణయమును సంఘమువారు కవరులో పెట్టి సీలు వేసి, విచారణ ముగిసిన పిదప తెఱతురు. ఆ సీలు కవరు ఎప్పుడు వాడవచ్చునో 1991 ఆగస్టులో జానకిరామన్ వ్యాజ్యమున తేలినది: శాఖ అభియోగపత్ర మిచ్చిన తరువాతనే, లేదా క్రిమినలు కోర్టులో ఛార్జిషీటు పడిన తరువాతనే. ప్రాథమిక విచారణ యున్నదన్న మాత్రమున కుదరదు. ఆకాశరామన్న జాబు చాలదన్నమాట. మా మరిదిగారి విషయమున కవరైనను లేదు, సీలైనను లేదు!

ఇంకొక విచిత్రము విన్నాను. 1973లో రాజ్యాంగమున చేర్చిన 371-డి అధికరణము ననుసరించి ఆంధ్రప్రదేశమున కొలువు తగవులకు ప్రత్యేక ట్రిబ్యునలు వచ్చినది. అది చెప్పిన తీర్పును ప్రభుత్వము మూడు మాసములలోగా మార్చవచ్చును, లేదా రద్దు చేయవచ్చును అని అందులో నొక ఖండము. ప్రతివాదియే తీర్పు దిద్దుట! విశ్వామిత్రుడు ఎంత తపస్సు చేసినను వసిష్ఠుడు తన నోట బ్రహ్మర్షి యనవలెనన్న కథ జ్ఞప్తికి వచ్చినది. ఆ ఖండమును 1986 డిసెంబరు 20న సాంబమూర్తి వ్యాజ్యములో సుప్రీంకోర్టు కొట్టివేసినది. అటుమీదనే ట్రిబ్యునలు తీర్పునకు తీర్పు విలువ కలిగినది. కాని మావారి వ్యాజ్యము వేసిన కొలది మాసములకే, 2016లోనే, తెలంగాణమునకు ఆ ట్రిబ్యునలు లేకపోయినది. కట్టలన్నియు హైకోర్టునకు పోయినవి. 2019 జనవరి 1న తెలంగాణ హైకోర్టు వేఱుపడినది. మా కట్ట ఏ బీరువాలో నున్నదో దేవునికే యెఱుక.

ఆ వసంతములోనే మా నిజామాబాదు లోకసభ యెన్నికకు పసుపు, ఎఱ్ఱజొన్న రైతులు గుంపులుగా నామపత్రములు వేసిరి. మొత్తము 185 మంది పోటీలో నిలిచిరి. వారిలో గెలుతునని యనుకొన్నవాడు లేడు. తమ పేరు జాబితాలో చదువబడిన చాలునని నిలిచిరి. ఊరిలో కొందఱు నవ్విరి. నాకు నవ్వు రాలేదు.

ఆ నిరీక్షణకాలములో చెల్లెలికి నేను పదేపదే చెప్పిన కథ ముత్తమ్మగారిది. కొడగుదేశపు ఆడపడుచు చోనిర బెళ్లియప్ప ముత్తమ్మగారు 1949లో విదేశాంగ సేవలో చేరిన తొలి మహిళ. పెండ్లి చేసికొనినచో రాజీనామా చేయుదునని ఆమెచే ముందే వ్రాయించుకొనిరి. పై పదవి వంతు వచ్చినప్పుడు తగదని దాటవేసిరి. ఆమె సుప్రీంకోర్టునకు పోయినది. వ్యాజ్యము నడుచుచుండగనే పదోన్నతి యిచ్చి, ఇంక తగవేమున్నదని ప్రభుత్వమువా రనిరి. 1979 సెప్టెంబరులో కృష్ణయ్యరుగారు పిటిషను ముగించుచునే, ఆమె జ్యేష్ఠతను మరల చూడుడనియు, స్త్రీల కవమానకరమైన ఆ నియమములను సంస్కరింపుడనియు గట్టిగా చెప్పిరి. "ఆమె రాయబారి యక్కా, మనవారు ఠాణాలో సబ్ ఇన్స్పెక్టరు" అన్నది చెల్లెలు. నిజమే. ఆమె తన కొఱకు తానే పోయినది. ఇక్కడ మగవానికి సిగ్గు, పెండ్లాము పోవలసివచ్చినది. వాయిదాకు ముందటి రాత్రి హైదరాబాదు బస్సెక్కి, కోర్టు వసారాలో టిఫిను డబ్బాతో కూర్చుండినది అదియే. యూనిఫారము ధరించువాడు పిటిషనరుల బల్లపై కూర్చుండుటకు ఆయన మనస్సొప్పలేదు.

2021లో తీర్పు వచ్చినది. అభియోగపత్రము లేని విచారణ అడ్డు కాదనియు, 2014 నాటి ప్యానెలునకు ఈయన పేరును పరిశీలింపవలసినదనియు అందులోని సారము. ఇన్స్పెక్టరును చేయుడని కాదు, పరిశీలింపుడని. చెల్లెలు ఫోనులో నాకు చదివి వినిపించి, "ఇంతేనా అక్కా?" అన్నది. ఇంతే. మఱుసటి యేడు సంఘము కూడినది, పేరు చదివినది, తగునన్నది. చిన్నవారి తేదీనుండియే జ్యేష్ఠత యిచ్చిరి. పాత జీతపు బాకీ మాత్రము కాగితముల మీదనే యున్నది. ఆయనకు మిగిలిన కొలువు మూడేండ్లు. నేను వలదనకయున్నచో అయిదేండ్లు మిగిలెడిదేమో; ఆ లెక్క నేను ఎన్నిమార్లు వేసితినో నాకే తెలియదు. ఆయన నన్ను ఒక్కమాట అనలేదు. అనినను బాగుండెడిది.

ఉత్తరువు వచ్చిన వారమునకు ఇద్దఱును వేల్పూరు వచ్చిరి. శ్రావణమాసము, కల్లములు ఖాళీగా నున్నవి, చేలలో పసుపు మోకాలెత్తు. భోజనములైన పిదప చెల్లెలు భరిణె తీసినది. ఎనిమిదేండ్లు కుంకుమలో నుండి నక్షత్రములు నల్లబడినవి. క్రొత్తవి శాఖయే యిచ్చుననియు, ఇవి యెందుకనియు మరిదిగారనిరి. అది వినలేదు. వంటింటి గట్టుమీద మే మిద్దఱము కూర్చుండి చింతపండు నానవేసి, చెఱియొకటి తీసికొని తోమితిమి. దానిది మెఱసినది. నాది యెంత రుద్దినను మూలలలో ఎఱుపు పోలేదు. "అదియే కుడిభుజమున పెట్టుదును, ఇయ్యవమ్మా" అని ఆయన చేయి చాచిరి.