చార్లెస్ వీధి జైలులో ఒక సాయంత్రం



గత నెలలో అమ్మగారు, మేము అమెరికా వెళ్ళి వచ్చిన సంగతి మీకు తెలుసు. బోస్టన్ నగరంలో తెలుగు విశ్వాసులు కొందరు ఇళ్ళలో కూడుకుని ప్రార్థన చేసుకుంటారు. మన సంఘంలో పెరిగిన ఒక తమ్ముడు కూడా వారిలో ఉన్నాడు. వాళ్ళు పిలిస్తేనే వెళ్ళాము. కూడికలు ముగిశాక ఆ తమ్ముడు, "అయ్యగారూ, రేపు మిమ్మల్ని జైలుకు తీసుకెళ్తాను" అన్నాడు. అమ్మగారు కంగారుపడ్డారు. అతను నవ్వి, "ఇప్పుడది హోటలండీ" అన్నాడు.

మర్నాడు సాయంత్రం రైలు చార్లెస్ నది వంతెన దాటగానే దిగాము. ఒక పెద్ద ఆసుపత్రి పక్కనే బూడిదరంగు గ్రానైట్ రాతి కట్టడం ఉంది. 1851లో తెరిచిన చార్లెస్ వీధి జైలు అదే. ఇప్పుడు దాని పేరు లిబర్టీ హోటల్, అంటే స్వేచ్ఛ అన్నమాట. లోపల నడిమధ్య హాలు ఎత్తు 90 అడుగులు. దాని నుంచి నాలుగు వైపులా నాలుగు రెక్కలు, మొత్తం సిలువ ఆకారం. ఒకప్పుడు ఇక్కడ 220 ఖైదీ గదులు ఉండేవట. పైన చుట్టూ ఆనాటి నడవాలు ఇప్పటికీ కనిపిస్తాయి. కింద జనం గ్లాసులు పట్టుకుని నవ్వుకుంటూ ఉన్నారు. భోజనశాల పేరు క్లింక్. జైలును అక్కడివాళ్ళు వాడుకలో అలా కూడా అంటారట. పాత ఇనుప ఊచలను అక్కడ అలాగే ఉంచారు.

ఇంకో పక్క ఒక బారు. పూర్వం వీధిలో తాగి పడిపోయినవాళ్ళను తెచ్చి, మత్తు దిగేవరకు పెట్టి తాళం వేసిన గది అదేనట. ఇప్పుడు అదే గదిలో మద్యం పోస్తున్నారు. తమ్ముడు ఫొటో తీయబోతే మేము చేయి అడ్డుపెట్టాము. మన ఊళ్ళో ఎవరి ఫోనుకైనా ఆ ఫొటో చేరితే ఏమవుతుందో మీకు చెప్పనక్కరలేదు.

నిజం చెప్పాలంటే, ఆ గుమ్మం దగ్గరే మా మనసులో ఆదివారం ప్రసంగం తయారైపోయింది. లోకం ఎలా పాడైపోయిందో చూడండి అని మొదలుపెట్టి, తాగుడు మీద ముప్పావు గంట చెప్పవచ్చు అనుకున్నాము.

అయితే తమ్ముడు ఆ జైలు చరిత్ర ముందే చదివి ఉంచుకున్నాడు. కట్టడం గీసినవాడు గ్రిడ్లీ బ్రయంట్ అనే శిల్పి. ఆయనతో కలిసి పనిచేసినవాడు లూయిస్ డ్వైట్ అనే ఒక పాదిరి. ఊపిరితిత్తులు దెబ్బతిని ఈయన ప్రసంగాలు చేయలేకపోయాడు. ప్రసంగపీఠం లేని ఆ దైవజనుడు బైబిళ్ళు తీసుకుని జైళ్ళకు వెళ్ళాడు. అక్కడి చీకటి, మురికి, మనుషుల దుస్థితి చూసి ఊరుకోలేక, 1825లో బోస్టన్‌లో జైళ్ళ బాగు కోసం ఒక సంఘం పెట్టాడు. ఈ జైలుకు అంత పెద్ద కిటికీలు, ఇంత వెలుతురు అందుకే.

తర్వాత వచ్చినవాళ్ళు ఆ సంగతి మరిచిపోయారు. ఒక్కరి కోసం కట్టిన గదిలో ఇద్దరిని కుక్కారు. వాళ్ళు శిక్ష పడినవాళ్ళు కూడా కాదు, విచారణ కోసం ఎదురుచూసేవాళ్ళు. వాళ్ళు కోర్టుకు వెళ్ళినప్పుడు గారిటీ అనే న్యాయమూర్తి తానే ఒక రాత్రి ఆ జైల్లో గడిపి చూశాడు. 1973లో, మనుషులను ఇలా ఉంచడం రాజ్యాంగానికి విరుద్ధమని తీర్పు ఇచ్చాడు. అయినా ఆఖరి ఖైదీ బయటికి వచ్చేసరికి 1990 అయింది. 2007లో హోటలు తెరిచారు.

వెళ్ళిపోయే ముందు ఆ బారు పేరు ఏమిటని అడిగాము. "ఆలిబై" అన్నాడు తమ్ముడు. అంటే ఏమిటి బాబూ అన్నాము. "నేరం జరిగినప్పుడు నేను అక్కడ లేనండీ, వేరేచోట ఉన్నాను అని నిందితుడు కోర్టులో చెప్పుకునే మాట అయ్యగారూ" అన్నాడు.

ఆ మాట మమ్మల్ని వదలలేదు.

మన సంఘంలో ఒక తల్లి ఉంది. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాము. మూడేళ్ళ క్రితం ఆమె కొడుకు తాగిన మత్తులో గొడవపడి, రిమాండ్ మీద సబ్‌జైల్లో నలభై రోజులు ఉన్నాడు. ఆమె రెండు ఆదివారాలు ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర నిలబడి, "అయ్యగారూ, ఒక్కసారి మూలాఖత్‌కు వెళ్ళి రండి, మీ మాట వింటాడు" అని బతిమాలింది. చూద్దాంలే అమ్మా అన్నాము. ఆ వారం సువార్త కూడికలు, మరుసటి వారం పెళ్ళి. అన్నీ నిజమే, అన్నీ దేవుని పనులే. అసలు కారణం వేరు. పాస్టరుగారు జైలు గేటు దగ్గర కనిపించారని నలుగురూ అనుకుంటారని మా భయం. ఆ సబ్‌జైలు మన ఊరికి పదకొండు కిలోమీటర్లు. ఊపిరి ఆడని డ్వైట్‌గారు జైళ్ళన్నీ తిరిగారు. సెమినరీలో మత్తయి 25వ అధ్యాయం చదివి పరీక్ష రాసి పాసైన మేము పదకొండు కిలోమీటర్లు వెళ్ళలేకపోయాము. ప్రభువు చెరసాలలో ఉన్నప్పుడు మేము వేరేచోట ఉన్నాము.

తిరిగి వచ్చిన మూడో రోజున వాళ్ళ ఇంటికి వెళ్ళాము. ఆ అబ్బాయి మంచం వాల్చి కూర్చోమన్నాడు. తప్పు మాదేనని, క్షమించమని అడిగాము. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి, "అప్పుడు వచ్చి ఉంటే బాగుండేదండీ" అన్నాడు. అంతే. ఆదివారం గుడికి వచ్చాడా అని మీరు అడుగుతారేమో. రాలేదు. వాళ్ళమ్మ మాత్రం మాకు టీ ఇచ్చి, గేటు వరకు వచ్చి సాగనంపింది.

తాగుడు మీద మేము దాచుకున్న ఆ ప్రసంగం ఇప్పుడు చెప్పబోవడం లేదు. తాగేవాడి గురించి గట్టిగా మాట్లాడటం మాకు ఎప్పుడూ సులువే. అతని పక్కన కూర్చోవడమే మేము నేర్చుకోవాలి. సబ్‌జైలుకు వెళ్ళడానికి అనుమతి కోసం అధికారికి దరఖాస్తు ఇచ్చాము. అనుమతి రాగానే ప్రతి నెలా మొదటి శనివారం వెళ్తాము. మాతో రాగలవారు పేరు చెప్పండి. రాలేనివారు ఆ అబ్బాయి కోసం, మా కోసం ప్రార్థించండి.

ప్రభువు కృప మీకు తోడైయుండును గాక. ఆమేన్.