అలక కాదు

మన ఇళ్ళల్లో అన్నం మానేయడం ఒక భాష. అలిగేవాళ్ళు కంచం దగ్గరే అలుగుతారు, బతిమాలేవాళ్ళు కంచం దగ్గరే బతిమాలతారు. అందుకేనేమో, కుక్క గిన్నె ముట్టకపోతే మనకి ముందు తోచేది "అలిగింది" అనే మాటే. మా మిర్చి తిండి మానేసిన మొదటి రోజు అమ్మ అదే అంది. "నువ్వు రోజూ లేటుగా వస్తున్నావుగా, దానికి కోపం." నాన్నది మరో వాదం. "ఆకలేస్తే అదే తింటుంది, దాని వెనకాల పడకండి."

నాన్న మాట చాలాసార్లు నిజమే. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క ఒక పూట మానేస్తే కంగారు పడక్కర్లేదు. పైగా మే నెల, మల్కాజిగిరిలో మాది పై అంతస్తు. మనలా ఒళ్ళంతా చెమట పట్టదు వాటికి, నాలుక బయటపెట్టి రొప్పుతూ వేడి వదిలించుకోవాలి. ఆ ఎండల్లో తిండి తగ్గించేస్తాయి. మధ్యాహ్నం వాసన కూడా చూడని అన్నాన్ని రాత్రి పదింటికి గచ్చు చల్లబడ్డాక నాకేసిన రోజులు మిర్చికి బోలెడు. ఇంకో కారణం మరీ మామూలుది: పొద్దున్నుంచీ నేనో బిస్కెట్టు, నాన్నో బిస్కెట్టు, పక్కింటి పిల్లలు రెండు. కడుపు నిండిన కుక్కని చూసి "పాపం, ఏమీ తినలేదు" అనుకుంటాం.

తినకపోవడంలో రకాలున్నాయని తెలిసింది మాత్రం రెండో రోజు పొద్దున్న డాక్టరుగారు అడిగిన ప్రశ్న వల్ల. "గిన్నె దగ్గరికి వస్తోందా, అసలు రావట్లేదా?" వచ్చి, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని జారవిడిస్తే పంటి నొప్పో, చిగుళ్ళ నొప్పో కావచ్చు. ఆకలి ఉంది, నమలలేకపోతోంది. చొంగ కారుస్తూ, పెదాలు నాక్కుంటూ మొహం తిప్పేసుకుంటే వికారం. గిన్నె చప్పుడుకి తలే ఎత్తకపోతే అది వేరే సంగతి.

మిర్చి తల ఎత్తలేదు.

ఆయన పెదవి పైకెత్తి చూపించారు. గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్ళు పాలిపోయి ఉన్నాయి. జ్వరం 104. చెవి మడతలో సెనగ బద్దంత పిడుదు, మా అమ్మమ్మ వాళ్ళు గోమారి అంటారు. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు 42,000 వచ్చాయి, ఉండాల్సింది దాదాపు రెండు లక్షలు, ఆపైన. టిక్ ఫీవర్. పిడుదు కుట్టినప్పుడు ఒంట్లోకి చేరే ఎర్లీషియా అనే బాక్టీరియా పని. ఈ సంగతి తెలియని అమ్మ అప్పటికే ఉప్పూ ఎండుమిరపకాయలతో దిష్టి తీసేసింది. మిర్చికి మిరపకాయలతో దిష్టి! ఇంకో రోజైతే నవ్వుకునేవాళ్ళం.

మందు డాక్సీసైక్లిన్, 28 రోజులు. ఖాళీ కడుపున వేస్తే వాంతి అవుతుంది, మాత్ర గొంతులో ఇరుక్కుంటే అక్కడ పుండు పడుతుంది. అంటే తినని కుక్కకి, తిన్నాకే వేయాల్సిన మందు. అందుకని ముందు సెలైను, వాంతులు ఆపే ఇంజెక్షను. ఆ తర్వాత వంతు మాది.

పావ్లోవ్ అనగానే అందరికీ గంట గుర్తొస్తుంది. 1904లో ఆయనకి నోబెల్ ఇచ్చింది గంటకి కాదు, జీర్ణక్రియ మీద చేసిన పనికి. ముద్ద కడుపులోకి చేరకముందే, తినాలన్న కోరికకే కుక్క కడుపులో రసాలు ఊరతాయని చూపించాడు. (అందుకోసం వాటి అన్నవాహిక కోసి, మింగింది బయట పడిపోయేలా చేసేవాడు. అది చదివాక ఆ గంట కథ మీద నాకున్న ముచ్చట పోయింది.) కాబట్టి పని కోరిక దగ్గర మొదలవ్వాలి, అంటే ముక్కు దగ్గర. ఫ్రిజ్‌లోంచి తీసిన అన్నానికి వాసన ఉండదు. గోరువెచ్చగా చేస్తే ఉంటుంది. చికెన్ ఉడికించి, ఆ నీళ్ళతోనే అన్నం మెత్తగా కలపాలి. ఉప్పు వద్దు. ఉల్లి, వెల్లుల్లి అసలే వద్దు.

ఈ ఉల్లి దగ్గర కాస్త ఆగాలి. ఉల్లిపాయ లేకుండా మన వంటింట్లో పొయ్యి వెలగదు. "సాంబారన్నమైతే తింటుందేమో" అని అమ్మ ప్రేమగానే అంది. కానీ ఉల్లి కుక్కల ఎర్ర రక్తకణాలని పగలగొడుతుంది. అసలే రక్తం తగ్గిన కుక్క. ప్రేమ సరిపోని చోట్లలో ఇదొకటి.

బలవంతంగా నోట్లో కుక్కొద్దన్నారు. ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, పైగా వికారంలో పెట్టిన తిండంటే తర్వాత కూడా అసహ్యం పుడుతుందట. కొంచెం పెట్టడం, పావుగంట చూసి తీసేయడం, మళ్ళీ పెట్టడం. పెద్ద కుక్క ఒక రోజంతా ముట్టకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. చిన్నపిల్లలైతే చక్కెర పడిపోతుంది, అంతసేపు ఆగకూడదు. నీళ్ళు కూడా మానేసినా, వాంతులవుతున్నా వెంటనే. పొట్ట ఉబ్బి, వాంతి రాకుండా ఓకరిస్తుంటే అర్ధరాత్రైనా సరే ఆటో పిలవాల్సిందే.

మూడో రోజు సాయంత్రం మిర్చి అమ్మ అరచేతిలోంచి మూడు ముక్కలు తీసుకుంది. నాన్న టీవీ కట్టేసి మరీ చూశారు. మర్నాడు పదకొండు ముక్కలు.

నెల తర్వాత లెక్క రెండు లక్షలు దాటింది. ఇప్పుడు సమస్యల్లా, అది గిన్నెలో తినట్లేదు. అమ్మ కింద కూర్చుని పెడితేనే. చేతి అలవాటు మాన్పించమని డాక్టరుగారు చెప్పారు. "ఆయన్నేమైనా పెట్టమన్నామా?" అని అమ్మ ముద్ద కలుపుతూనే ఉంది.